కట్లు విప్పండి: అలవాటేదో వ్యసనమేదో తేల్చుకుని, క్రీస్తు విశ్వాసంతో బయటపడే దారి

మా బాబాయి ఉపవాస ప్రార్థనల మొదటి రోజు పొద్దున్న మందు మానేశాడు. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పింది. రెండో రోజు సాయంత్రానికి చేతులు వణుకుతున్నాయి. స్టీలు గ్లాసులో టీ ఇస్తే సగం చొక్కా మీదే ఒలికింది. చీకటి పడ్డాక గోడ మీద చీమలు పాకుతున్నాయని లుంగీ దులుపుకోవడం మొదలుపెట్టాడు. గోడ మీద ఏమీ లేదు. దయ్యం బయటికి వస్తోందన్నారు ఎవరో. చుట్టూ నిలబడి గట్టిగా గద్దించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అర్ధరాత్రి దాటాక ఫిట్స్ వచ్చాయి, నాలుక కొరుక్కున్నాడు. అప్పుడుగానీ ఆటో పిలవలేదు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఆఖరుసారి ఎప్పుడు తాగాడు?" లెక్కపెడితే నలభై గంటలు. ఆమె తల ఊపి ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. మేము బయట వరండాలో మళ్ళీ మోకరిస్తుంటే వచ్చి, "ప్రార్థన చేసుకోండమ్మా, కానీ ఇక్కడికి తీసుకొచ్చి చేసుకోండి" అంది. ఆ మాట విని 11 ఏళ్ళయింది. మధ్యలో ఒకసారి కాలు జారినా బాబాయి ఇప్పుడు మందు ముట్టడు, ప్రతి ఆదివారం ముందు బెంచీలోనే కూర్చుంటాడు. ఆ రాత్రి మాకు తెలియక చేసిన తప్పు ఇంకో ఇంట్లో జరగకూడదని ఇదంతా రాస్తున్నాను. వరస మాత్రం తప్పకండి, ముఖ్యంగా మూడో మెట్టు దాటేసి ముందుకు పోవద్దు.

మొదటి మెట్టు: దానికి సరైన పేరు పెట్టండి

మన ఇళ్ళలో ఈ రెండు మాటలూ కలగాపులగం అయిపోయాయి. తాగుబోతుని "ఆయనకి కొంచెం అలవాటుందిలే" అని కప్పిపుచ్చుతాం. రోజుకి నాలుగు టీలు తాగేవాణ్ణి "టీకి బానిసైపోయాడు" అంటాం. రెండూ పొరపాటే.

అలవాటంటే ఆలోచన అక్కర్లేకుండా చేతులు చేసుకుపోయే పని. సాయంత్రం నాలుగవగానే టీ గుర్తొస్తుంది. టీపొడి అయిపోయిందంటే కాస్త చిరాకు పడి మజ్జిగ తాగి ఊరుకుంటాం. కాఫీ ఒక్కసారిగా మానేస్తే కొన్ని రోజులు తల పగిలిపోతుంది. శరీరం దానికి అలవాటుపడింది కాబట్టే ఆ నొప్పి. అయినా కాఫీ కోసం ఎవరూ పిల్లాడి స్కూలు ఫీజు డబ్బు తీయరు, పెళ్ళాం మెడలో పుస్తెల తాడు తాకట్టు పెట్టరు. శరీరం దేనికో అలవాటుపడినంత మాత్రాన వ్యసనం అయిపోదు.

వ్యసనాన్ని తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదో కూర్పులో ఆరు గుర్తులు ఉన్నాయి. ఏడాది కాలంలో వాటిలో మూడు కలిసి కనిపిస్తే పరాధీనత అంటారు. వాటిని మన ఇంటి భాషలో చెబుతాను, చదువుతూ మీ గురించో మీ ఇంట్లోవాళ్ళ గురించో నిజాయితీగా ఆలోచించండి.

అది కావాలనే తపన, లోపలి నుంచి తోసుకొచ్చే కోరిక. "ఒక్క క్వార్టర్‌తో ఆపేస్తా" అని కూర్చుని ఆపలేకపోవడం. మానిన గంటలకే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఇవి పోవడానికి మళ్ళీ అదే తాగడం. ఒకప్పుడు ఒక పెగ్గుతో వచ్చిన మత్తుకి ఇప్పుడు నాలుగు కావలసిరావడం. కూతురి పుట్టినరోజు, పొలం పని, పాటల ప్రాక్టీసు ఒక్కొక్కటే జారిపోయి సాయంత్రాలన్నీ దాని చుట్టూనే తిరగడం. ఇక ఆరోది, లివరు పాడవుతోందని డాక్టరు చెప్పినా, ఉద్యోగం పోయినా, ఇల్లు కన్నీళ్ళతో నిండినా ఆగకపోవడం.

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఆ ఆరోదే. ఎంత తాగుతున్నాడన్న ప్రశ్న మనల్ని పక్కదారి పట్టిస్తుంది. "నేను బ్రాండీ షాపుకి వెళ్ళను, ఇంట్లోనే మర్యాదగా తాగుతాను" అనే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. నష్టం కళ్ళెదుట కనబడుతున్నా చెయ్యి వెనక్కి రావడం లేదా అన్నది అడగండి.

మందుకే కాదు, ఖైనీకీ గుట్కాకీ ఇదే కొలత. ఆన్‌లైన్ రమ్మీకీ క్రికెట్ బెట్టింగుకీ కూడా ఇదే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా లోన్ యాపుల్లో అప్పు చేసి ఆడుతున్న కుర్రాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. రాత్రి పన్నెండింటికి దుప్పటి కింద ఫోనులో అశ్లీల వీడియోలు చూసి, పొద్దున్న యూత్ మీటింగులో కళ్ళెత్తలేని వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి చేతులు వణకకపోవచ్చు. ఆపలేకపోవడం, దాచడం, నష్టపోయినా మళ్ళీ వెళ్ళడం మాత్రం ఒకేలా ఉంటాయి.

బైబిలుకి ఈ స్థితి కొత్త కాదు. సామెతలు 23వ అధ్యాయం చివర తాగినవాడి రాత్రిని ఎంత దగ్గరగా చూసి రాశారో చదవండి. దెబ్బలు తిన్నాడు, నొప్పి తెలియలేదు, మెలకువ రాగానే మళ్ళీ దాన్నే వెదుకుతానంటాడు. పౌలు రోమా 7లో "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని రాశాడు. మందు మానలేక ఏడుస్తున్న మనిషికి ఆ వచనం చదివి వినిపిస్తే, "ఇది బైబిల్లో ఉందా? నా గురించే రాసినట్టుంది" అంటాడు. నేను విన్నాను.

నాలుగో శతాబ్దపు అగస్టీను తన జీవితం గురించి రాసుకుంటూ ఈ జారుడు మెట్లను ఇంకా స్పష్టంగా చెప్పాడు. వంకరపోయిన మనసు నుంచి కోరిక పుట్టింది, కోరికకి లొంగితే అలవాటైంది, అలవాటుని ఎదిరించకపోతే అది తప్పనిసరి అయిపోయింది అంటాడు. వాళ్ళమ్మ మోనికా సంగతీ చెప్పాడు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ద్రాక్షారసం తేవడానికి పంపితే మొదట పెదవి తడిపేదట, తర్వాత గిన్నెలకి గిన్నెలు తాగేదట. ఒకరోజు పనిపిల్ల కోపంలో తాగుబోతు అని ఎత్తిపొడిస్తే సిగ్గుపడి అక్కడితో మానేసింది. ఆ మాటతో ఆగగలిగింది కాబట్టి ఆమెది ఇంకా అలవాటు దశే. మా బాబాయిని ఊరంతా పదేళ్ళు అదే మాట అంది, ఆగలేకపోయాడు. సిగ్గుపెడితే మారతాడని ఇంకా అనుకునేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

రెండో మెట్టు: రెండు వారాలు ఒక పుస్తకం రాయండి

పది రూపాయల నోటుపుస్తకం చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఎంత అన్నవి రాయండి, దానికి ముందు గంటలో ఏం జరిగిందో కూడా రాయండి. "మంగళవారం, 7:40, బస్టాండు దగ్గర, ఒక్కడినే, క్వార్టర్. అంతకుముందు మేనేజరు అందరి ముందు తిట్టాడు." ఇలా పద్నాలుగు రోజులు. మానే ప్రయత్నం ఇప్పుడే వద్దు, నిజం రాయడమే ఈ మెట్టులో పని.

పుస్తకం నిండాక నాలుగు మాటలు పక్కన గుర్తు పెట్టండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఎక్కువ రోజులు ఏది కనబడుతుందో చూడండి. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడడం ఆ తర్వాతే. సాయంత్రం ఆరింటికి ఖాళీ కడుపుతో షాపు ముందు నుంచి నడిచి వచ్చే మనిషికి వాక్యం కన్నా ముందు రెండు అరటిపళ్ళు పనికొస్తాయని నేను నమ్ముతాను, అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

ఇక్కడ ఒక సాకు గురించి చెప్పాలి. "లెంట్ నలభై రోజులూ చుక్క ముట్టను, నేనెలా బానిసనవుతాను?" అంటారు. మాల వేసుకునే స్నేహితులూ అదే మాట అంటారు. నలభై రోజులు ఆగడం మంచిదే, ఆగగలనన్న ధైర్యం ఇస్తుంది. కానీ ఆ నలభై రోజులూ ఈస్టరు కోసం రోజులు లెక్కపెట్టారా? ఈస్టరు ఆదివారం బిర్యానీతో పాటు ఎంత తాగారు, ఎన్ని రోజుల్లో పాత లెక్కకి వచ్చేశారు? జవాబు ఆ తర్వాతి వారంలో దొరుకుతుంది.

మూడో మెట్టు: మానే ముందు డాక్టరు

ఇది పెద్ద అక్షరాలతో రాయాల్సిన మెట్టు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు, పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగేవాళ్ళు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. ప్రార్థన గదిలో అసలే వద్దు.

ఏం జరుగుతుందంటే, మందు ఏళ్ళ తరబడి మెదడుని అణచి ఉంచుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగేసరికి బ్రేకు తీసేసిన లారీలా అయిపోతుంది. ఆరేడు గంటల నుంచి వణుకు, చెమట, గుండెదడ. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి కొందరిలో మతి తప్పడం, లేనివి కనబడడం, జ్వరం, బీపీ పెరగడం మొదలవుతుంది. వైద్యం అందకపోతే ఈ దశలో ప్రాణం పోవచ్చు. గోడ మీద చీమలకి కారణం అదీ. ఆసుపత్రిలో మెదడుని నెమ్మదిగా దించే మందులిస్తారు, విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇస్తారు. ఏళ్ళుగా తాగినవాళ్ళలో బి1 తగ్గిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

నిద్రమాత్రలు ఏళ్ళుగా వేసుకునేవాళ్ళకీ ఇదే హెచ్చరిక. తెలంగాణలో కల్తీ కల్లు తాగేవాళ్ళకి కూడా, ఎందుకంటే అందులో కలిపేది తరచూ ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందే. కల్లు దొరకని రోజు మెడ వంకర్లు పోయి పిచ్చిచూపులు చూసే మనిషికి గాలి సోకలేదు, మందు తగ్గింది. ఖైనీ, సిగరెట్లయితే ప్రాణభయం లేదు. మొదటి మూడు రోజులు కష్టం, నెల రోజుల్లో చాలావరకు నెమ్మదిస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలి? దగ్గరి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం అడగండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రుల పేర్లు వినగానే జనం జంకుతారు, జంకవద్దు. వ్యసనాల నుంచి బయటపడడానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446. మనసు బాగోలేదనిపిస్తే టెలిమానస్ 14416కి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కోరికని తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రల గురించీ డాక్టరునే అడగండి.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. తెలియకుండా కూరలో కలపమని ఎవరో పొడి ఇస్తారు. వాటిలో డైసల్ఫిరామ్ అనే, మందు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే మాత్ర ఉండొచ్చు. దాని మీద మందు తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. ఆ మాత్ర మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తూ ఇవ్వాల్సింది. దొంగతనంగా పెట్టకండి. మార్పిస్తామని గొలుసులు వేసే చోటుకీ పంపకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టేనా అని అడిగేవాళ్ళకి, "రోగులకే గాని ఆరోగ్యముగలవారికి వైద్యుడక్కరలేదు" అన్నది యేసుప్రభువే. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఒక్క ప్రార్థనతో ఆ క్షణమే మానేసి మళ్ళీ చూడనివాళ్ళు నాకు తెలుసు, ఆ సాక్ష్యాలు నిజం, దేవునికి స్తోత్రం. కానీ ఎవరికి అలా జరుగుతుందో ముందే తేల్చే అధికారం మనకి లేదు.

నాలుగో మెట్టు: ఒక మనిషికి చెప్పండి

దేవునికి చెప్పేశాను కదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. యాకోబు పత్రిక 5:16 మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అంటోంది, స్వస్థత పొందడానికి అని కారణం కూడా చెబుతోంది. వ్యసనానికి బలం దాచడంలో ఉంది. ఆ నోటుపుస్తకం తీసుకుని ఒక్క మనిషి దగ్గర కూర్చుని చదవండి. అది పాస్టరు గారే కానక్కర్లేదు. మాట బయటికి పోనివ్వనివాళ్ళు, మీరు చెప్పింది విని ఉలిక్కిపడనివాళ్ళు కావాలి. మగవాళ్ళు మగవాళ్ళకి, ఆడవాళ్ళు ఆడవాళ్ళకి చెప్పుకోవడం మేలు.

చెప్పేటప్పుడు లెక్క తగ్గించకండి. మా బాబాయి మొదటిసారి "అప్పుడప్పుడూ" అన్నాడు, రెండోసారి "రోజూ" అన్నాడు, మూడోసారి పిన్ని గాజులు ఎక్కడ అమ్మాడో చెప్పాడు. ఆ మూడోసారే ఏడ్చాడు. రోమా 7 ఏడుపుకి వెనువెంటనే 8:1లో "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని ఉంది. ఆ రోజు ఆయనకి చదివి వినిపించింది అదే. కృప ముందు వచ్చింది, గాజుల అప్పు తీర్చడం ఆ తర్వాత మూడేళ్ళు పట్టింది. జక్కయ్య ఇంటికి కూడా యేసు ముందు బస చేయడానికి వెళ్ళాడు, నాలుగంతలు తిరిగిస్తాననే మాట ఆ తర్వాతే వచ్చింది.

ఐదో మెట్టు: కట్లు విప్పే నలుగురు

లాజరుని సమాధిలోంచి పిలిచింది ప్రభువు. ఆ పని ఇంకెవరివల్లా కాదు. బయటికి వచ్చినవాడి కాళ్ళూ చేతులూ మాత్రం ఇంకా గుడ్డలతో కట్టేసి ఉన్నాయి. అప్పుడాయన చుట్టూ నిలబడ్డవాళ్ళతో, "మీరు అతని కట్లు విప్పి పోనియ్యుడి" అన్నాడు. మన సంఘాలు బ్రతికించే పని తమదనుకుని కేకలు వేస్తాయి, కట్లు విప్పే పని మర్చిపోతాయి. నాకు ఇందులో చాలా బాధ ఉంది.

కట్లు విప్పడం ఎలా ఉంటుందో చెబుతాను. మా సంఘంలో నలుగురు అన్నలు వంతులు వేసుకున్నారు. మొదటి 90 రోజులు సాయంత్రం ఆరింటికి ఎవరో ఒకరు బాబాయి పని చేసే చోటికి బండి మీద వెళ్ళి, షాపు లేని దారిలో ఇంటికి తీసుకొచ్చేవారు. జీతం నేరుగా పిన్ని ఖాతాలో పడేలా బాబాయే సంతకం పెట్టాడు. ఆయన ఫోనులో వాళ్ళ నంబర్లు మొదట ఉండేలా పెట్టారు. కోరిక వచ్చినప్పుడు ఎంత భయంకరంగా అనిపించినా సాధారణంగా అరగంటలోపు అలలా తగ్గిపోతుంది, ఆ అరగంట ఫోనులో మాట్లాడేవాళ్ళు ఉంటే చాలు. ఇంట్లో ఉన్న సీసాలు, బెట్టింగయితే యాపులు, ఖైనీ అయితే జేబులో సున్నం డబ్బాతో సహా, మొదటి రోజే తీసేయండి.

సంఘ పెద్దలు చేయగలిగింది ఇంకొకటుంది. ప్రభురాత్రి భోజన సంస్కారంలో పులిసిన వైను వాడే సంఘమైతే వీళ్ళ కోసం పులియని ద్రాక్షరసం పెట్టండి. అలాగే, మానిన రెండో వారంలోనే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించకండి. ఆ తర్వాత కాలు జారితే సిగ్గుతో గుడి ముఖం చూడడు. కనీసం ఒక ఏడాది ఆగండి.

మందు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి ఊళ్ళలో జరుగుతాయి, డబ్బు తీసుకోరు. 1935లో అమెరికాలోని అక్రాన్‌లో మొదలైన ఈ సహవాసానికి తొలి ఆలోచనలు ఒక క్రైస్తవ గుంపు నుంచే వచ్చాయి. తప్పు ఒప్పుకోవడం, దేవునికి అప్పగించుకోవడం, నష్టపోయినవాళ్ళకి సరిచేయడం వాళ్ళ పన్నెండు మెట్లలో ఉన్నాయి. అన్ని మతాలవాళ్ళూ వస్తారని సంకోచించకండి, అక్కడ మీరు ప్రభువుని విడిచిపెట్టాల్సిన పని లేదు.

ఆరో మెట్టు: ఖాళీ అయిన ఇంట్లో ఏదో ఒకటి పెట్టండి

మత్తయి 12లో అపవిత్రాత్మ వెళ్ళిపోయాక ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంది. అందుకే ఇంకో ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. మందు మానేసిన మనిషికి సాయంత్రం ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలు మిగిలిపోతాయి. "బైబిలు చదువుకో" అంటే సరిపోదు, ఆ మెదడుకి అప్పుడు పది వచనాల కన్నా ఎక్కువ నిలవదు. ఒక కీర్తన బిగ్గరగా చదవడం, స్నానం, భోజనం, పిల్లల హోంవర్కు, నడక, గుళ్ళో ట్యూబులైటు మార్చడం లాంటి చేతిపని, ఇలా గంటగంటకీ రాసి గోడకి అంటించండి. కొత్త అలవాటు 21 రోజుల్లో వచ్చేస్తుందని ఎవరో అంటారు. లండన్‌లో జరిగిన ఒక పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది, కొందరికి ఇంకా చాలా ఎక్కువ. నెల తిరక్కుండానే "ఇంకా సులువు కాలేదే" అని నిరాశపడకండి.

ఇంట్లోవాళ్ళకి

పిల్లాడి తల మీద ఒట్టు వేయించకండి. ఒట్టు తప్పిన రోజు ఆయనకి ఇంకో రెండు పెగ్గులకి కారణం దొరుకుతుంది, పిల్లాడికి జీవితాంతం భయం మిగులుతుంది. తాగి ఉన్నప్పుడు వాదించకండి, పొద్దున్న తొమ్మిదింటికి మాట్లాడండి. ఆఫీసుకి "జ్వరం" అని మీరు ఫోను చేసి కాపాడకండి. బెల్టు షాపు అప్పు మీరు తీర్చకండి.

కొడుతుంటే మాత్రం క్షమాపణనీ కాపురం చేయడాన్నీ ఒకటి చేసి మాట్లాడే సలహాలు వినొద్దు. క్షమించి కూడా పుట్టింటికి వెళ్ళొచ్చు. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్ళూ సారా దుకాణం మూయించడానికి కొంగు బిగించారు. మీ ఇంటి సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని మీరొక్కరే మోయనక్కర్లేదు.

కాలు జారితే

జారొచ్చు. మా బాబాయి ఏడో నెలలో మేనల్లుడి పెళ్ళిలో తాగాడు. అప్పుడు ముఖ్యమైంది ఆ ఒక్క రాత్రే. "అంతా పోయింది, ఇక ఎంతైతేనేం" అనే మాట ఒక గ్లాసుని పది రోజులు చేస్తుంది. అందుకే ముందుగానే ఒక కాగితం రాసి పర్సులో పెట్టుకోండి. మొదట ఎవరికి ఫోను చేయాలి, ఎక్కడ పడుకోవాలి, పొద్దున్న ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెండు మూడు రోజులు వరసగా తాగి ఉంటే మళ్ళీ మూడో మెట్టు నుంచి మొదలు, ఇంట్లో ఆపే ప్రయత్నం వద్దు. మర్నాడు నోటుపుస్తకం తెరిచి, ముందు గంటలో ఏం జరిగిందో రాయండి.

ఫోను అందుకున్నవాళ్ళకి కూడా ఒక పని ఉంది. ఆ రాత్రి పదకొండింటికి బాబాయి ఫోను చేస్తే, వంతులో ఉన్న అన్న పెళ్ళి మండపానికి బండి మీద వెళ్ళాడు. వాక్యం చెప్పలేదు, ఎందుకు తాగావని అడగలేదు. "తిన్నావా బాబాయ్?" అని అడిగి, వెనక ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు.